మొదటి గంట అదిరింది, మూడో ఏడాది సంగతి కూడా చూడండి

సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్ సంస్థల్లో వీడియో గేమ్ కన్సోళ్లు, కంట్రోలర్లు తయారుచేసే బృందాలకు,

నమస్కారం.

కొత్త కన్సోల్ గానీ, కంట్రోలర్ గానీ చేతికొస్తే అదే రోజు కూర్చుని దాని గురించి రాసే ఆటగాణ్ని నేను. నచ్చితే నచ్చిందని, నచ్చకపోతే నచ్చలేదని రాస్తాను. ఇది మాత్రం అలాంటి మొదటి రోజు అభిప్రాయం కాదు. పెట్టె విప్పిన రోజు మీ వస్తువు ఇచ్చే ఆనందానికీ, రెండు మూడేళ్లు వాడాక అదే వస్తువు పెట్టే చికాకుకీ మధ్య చాలా దూరం ఉంది. మొదటి గంట మీద మీరు పెడుతున్న శ్రద్ధలో సగమైనా మూడో ఏడాది మీద పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు మంచి చెప్పుకోవాలి. మీ పనంటే ఇష్టం లేకపోతే నేనిలా ఉత్తరం రాసేవాణ్నే కాదు.

2020 నవంబరులో సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5) వచ్చినప్పుడు, అందులో 'ఆస్ట్రోస్ ప్లేరూమ్' అనే చిన్న ఆటను ముందే పెట్టి ఇచ్చారు. దానితో వచ్చే డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్ ఏమేం చేయగలదో చూపించడమే ఆ ఆట పని. బుల్లి రోబో ఇసుక మీద నడిస్తే అరచేతికి ఒకలా తెలుస్తుంది, గట్టి నేల మీద నడిస్తే ఇంకోలా తెలుస్తుంది. రోబో స్ప్రింగు సూటు వేసుకున్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే, నిజంగా స్ప్రింగును అదుముతున్నట్టే వేలిని వెనక్కి తోస్తుంది. ఎన్ని వీడియోలు చూసినా అర్థంకాని సంగతి, కంట్రోలర్ చేతిలోకి తీసుకున్న క్షణంలో అర్థమైపోతుంది. కొత్త యంత్రాన్ని పరిచయం చేయడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2 కూడా అంతే. మొదటి స్విచ్‌లో జాయ్‌కాన్‌ను, అంటే తెరకు అటూ ఇటూ తగిలించే చిన్న కంట్రోలర్‌ను, పక్కనున్న పట్టాల్లోకి పైనుంచి జారించాలి. ఇప్పుడు దగ్గరికి తీసుకెళ్తే చాలు, అయస్కాంతం టప్పున లాగేసుకుంటుంది. తీయాలంటే వెనక బటన్ నొక్కాలి. పనిలేకపోయినా తీసి పెట్టి, తీసి పెట్టి చూడాలనిపిస్తుంది. తెర 7.9 అంగుళాలకు పెరిగింది, సెకనుకు 120 ఫ్రేముల దాకా చూపిస్తుంది. దాంతోపాటే వచ్చిన 'మారియో కార్ట్ వరల్డ్'లో 24 మంది ఒకేసారి పోటీపడతారు. రేసు లేనప్పుడు ఊరికే రోడ్డు పట్టుకుని ఎటుబడితే అటు బండి పోనివ్వొచ్చు. నాకు రేసుల కంటే ఆ తిరుగుడే ఎక్కువ నచ్చింది. జూలైలో వచ్చిన 'డాంకీ కాంగ్ బనాంజా' ఇంకో మెట్టు పైన ఉంది. అడ్డొచ్చిన గోడను గుద్ది పగలగొట్టడం, నేలను తవ్వుకుంటూ కిందికి దిగడం, చేతికి దొరికిన రాతిముక్కను పెళ్లగించి విసరడం. దారి తెలియకపోతే వెతుక్కోనక్కర్లేదు, మనమే తవ్వుకోవచ్చు. ఇలాంటి స్వేచ్ఛ ఉన్న ఆట దొరికితే పిల్లలూ పెద్దలూ ఒకేలా కూర్చుండిపోతారు.

జాయ్‌కాన్ 2ను పక్కకు తిప్పి బల్ల మీద పెట్టి మౌస్‌లా వాడుకోవచ్చన్నది కూడా మంచి ఆలోచనే. గురి పెట్టి కాల్చే ఆటల్లో బొటనవేలితో తిప్పే స్టిక్ కంటే ఎంతో కచ్చితంగా ఉంటుంది. కాకపోతే అది అరచేయి ఆనేంత వెడల్పు లేని సన్నటి అంచు. కాసేపటి సరదాకు సరిపోతుంది గానీ సాయంత్రమంతా ఆడేవాళ్ల కోసం చేసిన ఆకారం కాదు. ఇంకొకటి కూడా చెప్పాలి. స్విచ్ 2 విశేషాలను పరిచయం చేసే 'వెల్‌కమ్ టూర్'ను విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది. యంత్రాన్ని పరిచయం చేసే ఆట యంత్రంతోపాటే రావాలి. ఆస్ట్రో విషయంలో సోనీ చేసింది సరైన పని.

ఇక అసలు విషయానికి వస్తాను.

మీ కంట్రోలర్లలో ముందుగా పాడయ్యేది స్టిక్. ఈ సంగతి మాకంటే మీకే బాగా తెలుసు. స్టిక్ కింద రెండు దిక్కులకూ రెండు చిన్న భాగాలుంటాయి. ఒక్కోదాని లోపల కార్బన్ పూత పూసిన పట్టీ ఉంటుంది. దాని మీద రాసుకుంటూ సన్నటి లోహపు ముక్క తిరుగుతుంది. ఆ ముక్క ఎక్కడ ఆనిందో దాన్నిబట్టి వోల్టేజీ మారుతుంది, ఆ మార్పును చూసి మనం స్టిక్‌ను ఎటు తోశామో కన్సోల్ లెక్కగడుతుంది. రెండు వస్తువులు రోజూ ఒకదానికొకటి రాసుకుంటుంటే అరగక మానవు. పూత అరుగుతుంది, అరిగిన పొడి మధ్యలో చేరుతుంది, స్టిక్‌ను బలంగా తోసీ తోసీ లోపలి స్ప్రింగు కూడా అలిసిపోతుంది. చివరికి వేలు తీసేసినా స్టిక్ ఎటో తోసినట్టే కన్సోల్‌కు కనిపిస్తుంది. మేం డ్రిఫ్ట్ అనేది దీన్నే.

డ్రిఫ్ట్ ఒక్కరోజులో రాదు. నా దగ్గరున్న ఒక కంట్రోలర్‌లో అది ఎలా మొదలైందో చెప్తాను. కంపెనీ పేరు అనవసరం, అందరివీ అలాగే పోతున్నాయి. మొదట్లో గురిపెట్టి చూసేటప్పుడు తుపాకీ కొద్దిగా ఎడమకు జరిగేది. నా చెయ్యే కదిలిందనుకుని సరిచేసుకునేవాణ్ని. తర్వాత మెనూలో ఏదో ఎంచుకోబోతే కర్సర్ దానంతటదే పై వరుసకు పోయేది. ఆపైన కంట్రోలర్‌ను బల్లమీద పెట్టేసినా ఆటలో మనిషి మెల్లగా నడుచుకుంటూ పోయి గోడకు ముఖం ఆనించి అక్కడే అడుగులేస్తూ ఉండేవాడు. సెట్టింగ్స్‌లో స్టిక్ పరీక్షించే తెర తెరిస్తే, మధ్యలో ఉండాల్సిన చుక్క పక్కకు జరిగి సన్నగా వణుకుతోంది.

అప్పుడు అందరూ చెప్పే చిట్కా డెడ్‌జోన్ పెంచుకోమని. అంటే మధ్యలో కొంత మేర స్టిక్ కదిలినా పట్టించుకోవద్దని ఆటకు చెప్పడం. డ్రిఫ్ట్ కనపడకుండా పోతుంది, నిజమే. కానీ దాంతోపాటు ఇంకేం పోతుందో చూడండి. స్టిక్‌ను కొద్దిగా తోస్తే మెల్లగా నడవాలి, ఇంకొంచెం తోస్తే వడిగా నడవాలి, పూర్తిగా తోస్తే పరుగెత్తాలి. డెడ్‌జోన్ పెద్దదైతే ఆ మొదటి మెట్టు మాయమైపోతుంది. శత్రువు వెనక నుంచి పిల్లిలా వెళ్లాల్సిన చోట మనిషి ఒక్కసారిగా అడుగు వేసేస్తాడు. రేసులో స్టీరింగ్‌ను వెంట్రుకవాసి తిప్పడం కుదరదు. ఏ సున్నితత్వం కోసమైతే మీరు ఇంత మంచి స్టిక్ తయారుచేశారో, సరిగ్గా ఆ సున్నితత్వాన్నే ఈ చిట్కా మింగేస్తుంది.

ఇదేమీ కొత్తగా బయటపడిన సంగతి కాదు. జాయ్‌కాన్ ఇబ్బందుల గురించి 2020లో నింటెండో అధ్యక్షుడు షుంటారో ఫురుకావా వాటాదారుల సమావేశంలోనే క్షమాపణ చెప్పారు. పరికరాలను విప్పి మరమ్మతు దారులు చెప్పే ఐఫిక్సిట్ వాళ్లు 2021లో డ్యూయల్‌సెన్స్‌ను విప్పి చూసి, అందులోని స్టిక్ సెన్సర్‌కు తయారీదారు చెప్పిన ఆయుష్షు 20 లక్షల సైకిళ్లని, అంటే అన్నిసార్లు తిప్పేదాకానేనని తేల్చారు. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది. నిమిషం నిమిషానికీ స్టిక్ తిప్పే షూటింగ్ ఆటల్లో కొన్ని వందల గంటలకే అది అయిపోతుంది. రోజూ ఆడేవాడికి వందల గంటలంటే ఎన్నాళ్లు?

మందు కూడా కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్ స్టిక్‌లోనే అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ ఉంది. స్టిక్‌తోపాటు అయస్కాంతం కదులుతుంది, దాని క్షేత్రంలో వచ్చిన మార్పును సెన్సర్ తాకకుండానే పసిగడుతుంది. రాపిడి లేదు కాబట్టి అరిగే పట్టీ కూడా లేదు. ఇప్పుడు 8బిట్‌డో, గులికిట్ లాంటి కంపెనీలు ఇలాంటి స్టిక్‌లతోనే కంట్రోలర్లు అమ్ముతున్నాయి. హాల్ సెన్సర్ కాస్త ఎక్కువ కరెంటు తాగుతుందన్న మాట ఉంది. దాని తర్వాత వచ్చిన, అయస్కాంతంతోనే పనిచేసే టీఎంఆర్ సెన్సర్లు ఆ లోటును చాలావరకు తీర్చాయి. అయినా స్విచ్ 2తో వచ్చిన జాయ్‌కాన్ 2లో హాల్ సెన్సర్లు లేవని నింటెండోనే చెప్పింది. ఐఫిక్సిట్ వాళ్లు విప్పి చూస్తే మళ్లీ రాసుకుంటూ తిరిగే పాతరకం స్టిక్కే కనిపించింది. ఎనిమిదేళ్ల అనుభవం, ఒక బహిరంగ క్షమాపణ, ఆ తర్వాత కూడా అదే స్టిక్. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

సరే, హాల్ సెన్సర్ పెట్టడానికి మీకేవో అడ్డంకులున్నాయనే అనుకుందాం. అప్పుడు పాడైన స్టిక్‌ను మేమే మార్చుకునేలా చేయండి. ఇది కూడా గొంతెమ్మ కోరిక కాదు, మీలో ఒకరు చేసి చూపించిందే. 2023 జనవరిలో వచ్చిన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో ముందువైపు మూత తీసి, చిన్న మీట పైకెత్తితే స్టిక్ మొత్తం ఒక డబ్బీలా ఊడి చేతిలోకి వస్తుంది. కొత్తది నొక్కితే కూర్చుంటుంది. సోల్డరింగ్ అవసరం లేదు, స్క్రూ డ్రైవర్ అవసరం లేదు. ఇంత చక్కటి ఏర్పాటు ఖరీదైన కంట్రోలర్‌కే ఎందుకు? అందరూ కొనే మామూలు కంట్రోలర్‌లోనే అరుగుదల ఎక్కువ. ఇంట్లో నలుగురు మార్చి మార్చి ఆడేది దాంతోనే. మిగతా కంట్రోలర్లలో ఇంకా బాగానే ఉన్న బ్యాటరీ, చేతికి కంపనం తెలిపే హ్యాప్టిక్స్, ట్రిగ్గర్లు, బటన్లు అన్నీ ఒక్క స్టిక్ కోసం చెత్తబుట్టలోకి పోతున్నాయి.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో ఇప్పటికీ ఏఏ సెల్స్ ఏమిటని చాలామంది తీసిపారేస్తారు. నేను మాత్రం దాన్ని వెనకేసుకొస్తాను. ఏళ్లు గడిచాక కొత్త సెల్స్ వేస్తే అది మొదటి రోజులాగే పనిచేస్తుంది. లోపల బిగించేసిన బ్యాటరీ ఏడాదికేడాది నీరసించి, చివరికి కేబుల్ తగిలించుకునే ఆడాల్సి వస్తుంది. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవాళ్లే తీసి మార్చుకోగలిగేలా ఉండాలి. అక్కడి కోసం ఎలాగూ డిజైన్ మార్చాలి కదా, ఆ మార్చినదాన్నే ప్రపంచమంతా అమ్మండి.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ, మాకు పాత కంట్రోలర్లు రోత కాదు. ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్ ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్ల మీద హాయిగా పనిచేస్తుంది. అందుకు మైక్రోసాఫ్ట్‌కు ఎన్ని ధన్యవాదాలు చెప్పినా తక్కువే. పీఎస్4 కంట్రోలరైన డ్యూయల్‌షాక్ 4ను పీఎస్5కు కలిపితే పీఎస్4 ఆటలు ఆడనిస్తుంది, పీఎస్5 ఆటలు ఆడనివ్వదు. కొత్త కంట్రోలర్‌లోని ప్రత్యేకతలను ఆటలు వాడుకోవాలన్నది మీ ఉద్దేశం కావచ్చు. కానీ పక్కన కూర్చున్న రెండో మనిషి సరదాగా ఆడే ఫుట్‌బాల్ ఆటకు ఆ ప్రత్యేకతలతో ఏం పని? మొదటి స్విచ్ జాయ్‌కాన్లు స్విచ్ 2కు అతుక్కోకపోయినా వైర్‌లెస్‌గా పనిచేస్తాయి. ఆ మాత్రం చాలు మాకు.

మైక్రోసాఫ్ట్ వారికి ఒక మాట. 2023 నవంబరులో అనుమతి లేని యాక్సెసరీలను కన్సోల్ అడ్డుకోవడం మొదలుపెట్టినప్పుడు, ఎక్కువ దెబ్బ తగిలింది మోసం చేసేవాళ్లకు కాదు. తమ చేతులకు, వేళ్లకు తగ్గట్టు ఎవరో చిన్న తయారీదారు చేసిన పరికరంతో ఆడుకుంటున్నవాళ్లకు, ఫైటింగ్ ఆటల కోసం చేసిన పాత ఫైట్ స్టిక్‌ను అడాప్టర్‌తో వాడుకుంటున్నవాళ్లకు. 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది మీరే. వెనక 19 జాక్‌లు పెట్టి, ఎవరి శరీరానికి ఏ స్విచ్ సరిపోతే అది తగిలించుకోమన్నారు. అంతకంటే నాకు గుర్తుండిపోయింది దాని పెట్టె. చేతుల్లో పట్టు లేనివాళ్లు కూడా ఎవరి సాయం లేకుండా విప్పుకునేలా దానికి పెద్ద పెద్ద ఉంగరాల్లాంటి పట్టీలు పెట్టారు. మొదటి నిమిషం గురించి అంత ప్రేమగా ఆలోచించిన బృందం ఇంకెక్కడా నాకు కనపడలేదు. ఆ పెట్టెను తయారుచేసినవాళ్లను ఇలాంటి నిబంధనలు రాసేటప్పుడు కూడా గదిలో కూర్చోబెట్టండి. సోనీ కూడా 2023 డిసెంబరులో ఇలాంటిదే యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది, సంతోషం. ఈ దారిలో నింటెండో కూడా అడుగువేస్తే చూడాలని ఉంది.

ఇప్పటిదాకా చెప్పింది చేతిలో పట్టుకునే వస్తువు గురించి. ఆటలకూ ఇదే వర్తిస్తుంది.

స్విచ్ 2తోపాటు గేమ్-కీ కార్డ్ అనేదాన్ని తెచ్చారు. చూడ్డానికి మామూలు ఆట కార్డే. లోపల ఆట ఉండదు, ఆటను డౌన్‌లోడ్ చేసుకునే తాళంచెవి మాత్రమే ఉంటుంది. డౌన్‌లోడ్ అయ్యాక కూడా ఆడాలంటే కార్డు కన్సోల్‌లో ఉండాల్సిందే. ఆడేసి ఇంకొకరికి ఇవ్వొచ్చన్నది దీనిలో మంచి. కానీ మీ సర్వర్ ఉన్నన్నాళ్లే ఆ కార్డుకు విలువ. 'సైబర్‌పంక్ 2077' లాంటి భారీ ఆటను 64 జీబీ కార్డులో మొత్తం పెట్టి ఇచ్చారంటే, తలుచుకుంటే కుదురుతుందనే కదా అర్థం. ఆటలు చేసేవాళ్లకు చౌకగా, తక్కువ జీబీల కార్డులు కూడా అందించే బాధ్యత నింటెండో తీసుకోవాలి. పైగా ఆటలన్నీ డౌన్‌లోడ్ అయితే కన్సోల్‌లో ఉన్న 256 జీబీ ఎంతకాలం వస్తుంది? ఇంట్లో ఉన్న పాత మైక్రోఎస్‌డీ కార్డుల్లో స్విచ్ 2 ఆటలు పెట్టుకోలేం, మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి. వేగం కోసం అది అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను.

సర్వర్లు ఉంటాయా అన్న టెన్షన్ ఊరికే పుట్టింది కాదు. 2014లో వచ్చిన 'ది క్రూ' ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. ఒంటరిగా ఆడుకునేవాళ్లకు కూడా ఆ ఆట అక్కడితో అయిపోయింది. డిస్కు షెల్ఫులో ఉన్నా పనికిరాదు. 2023 మార్చి 27న నింటెండో పాత కన్సోళ్లు వీ యూ, 3డీఎస్‌ల ఆన్‌లైన్ దుకాణం ఈషాప్‌లో కొనుగోళ్లు ఆగిపోయాయి. కార్డు, డిస్కు రూపంలో రాని ఆటలు చాలా ఇక కొనడానికి దొరకవు. యూరప్‌లో, అమ్మిన ఆటలను పనికిరాకుండా చేయొద్దని కోరే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' విజ్ఞప్తికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయంటే ఎంతమంది మనసు నొచ్చుకుందో ఆలోచించండి.

2024 సెప్టెంబరు 6ను ఒకసారి గుర్తు చేసుకోండి. సోనీ విడుదల చేసి రెండు వారాలే అయిన ఆన్‌లైన్ ఆట 'కాంకార్డ్' మూతపడింది ఆ రోజే. 'ఆస్ట్రో బాట్' విడుదలైందీ ఆ రోజే. 'కాంకార్డ్' కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చారు, అది న్యాయం. కానీ అందులోని పాత్రలు, మైదానాలు, వాటి మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల శ్రమ ఇప్పుడు కొన్నవాళ్లకు కూడా ఆడి చూసే వీల్లేదు. 'ఆస్ట్రో బాట్' ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆటగా నిలిచింది. ఇంటర్నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు, ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత డిస్కు, కన్సోల్ బాగుంటే అప్పుడూ ఆడుకోవచ్చు. ఆన్‌లైన్ ఆటలు వద్దని నేననడం లేదు. వాటిని మూసేసే రోజున కనీసం ఒక్కరే తిరిగి చూసుకునేలానో, ఆడేవాళ్లే సర్వర్ నడుపుకునేలానో ఒక చివరి అప్‌డేట్ ఇవ్వండి. ఆట మొదలుపెట్టేటప్పుడే దానికి ప్లాన్ ఉంటే అదేమీ తలకు మించిన పని కాదు.

మీరు నాలాంటివాళ్లకు ముందుగా చూపించే తీరు కూడా మార్చాలి. విడుదలకు ముందు రాసేవాళ్లకు కొద్ది రోజుల గడువు దొరుకుతుంది. అంతలో మేం చెప్పగలిగేది పట్టు ఎలా ఉంది, తెర ఎలా ఉంది, ఆట మొదటి గంటలు ఎలా సాగాయి అన్నదే. స్టిక్ ఎన్ని గంటలు తట్టుకుంటుందో, బ్యాటరీ రెండేళ్లకు ఎంత మిగులుతుందో కొన్ని రోజుల్లో ఎవరు చెప్పగలరు? మీ ల్యాబుల్లో మాత్రం స్టిక్‌ను లక్షలసార్లు తిప్పే యంత్రాలుంటాయి. ఆ ఫలితాలు మీ దగ్గరే ఉంటాయి. వాటిని పెట్టె మీద అచ్చువేయండి. స్టిక్ ఇన్ని లక్షల సైకిళ్లు, బ్యాటరీ ఇన్నిసార్లు చార్జింగ్ అని రాయండి. ఫ్రేములు, రిజల్యూషన్, జీబీలు పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు కదా, వాటి పక్కనే వేయండి. అప్పుడు మేం రాసే మొదటి రోజు అభిప్రాయానికి కూడా బరువు వస్తుంది, కొనేవాళ్లు కూడా తేడా చూసి కొంటారు.

తర్వాతి కంట్రోలర్ నమూనాలు ఇప్పటికే మీ బల్లల మీద ఉండి ఉంటాయి. అచ్చులు పోయకముందే అడుగుతున్నాను. మామూలు కంట్రోలర్‌లో కూడా స్టిక్ చేత్తో ఊడి వచ్చేలా చేయండి. కొత్త స్టిక్‌లను, బ్యాటరీలను విడిగా అమ్మండి. కన్సోల్ అమ్మకాలు ఆగిపోయాక కూడా ఆ విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో కన్సోల్‌ను ప్రకటించే వేదిక మీదే చెప్పండి. మీ ముగ్గురిలో ఆ మాట ముందుగా ఎవరు చెప్తే వాళ్ల కంట్రోలర్‌నే కొంటాను, ఎందుకు కొన్నానో నా చదువరులకూ వివరంగా రాస్తాను.

ఇట్లు,
మీ ఆటలు ఇష్టంగా ఆడే ఒక ఆటగాడు